కమలాపురంలో చెప్పవలసిన మాట

కర్నూలు నుంచి కడప దాకా మూడు రోజులు తిరిగి వచ్చాను. అటువైపు ఎప్పుడూ వెళ్లని మిత్రులు ఎలా ఉంటుందని అడుగుతున్నారు. కోటలున్నాయట, గుహలున్నాయట, పెన్నానది కోసిన పెద్ద లోయ ఉందట. బోర్డులు చూశాను. ఒక్కచోటా దిగలేదు. నేను వెళ్లింది కమలాపురంలో మౌలాలి అనే లారీ డ్రైవరుకు ఒక్క మాట చెప్పడానికి. ఆ మాట నోట్లో పెట్టుకుని ఏడాదికి పైగా తిరిగాను. అందుకని ఊళ్ల అందచందాల కోసం ఇది చదివేవాళ్లు ముందే మానుకుంటే మంచిది.

ముందు నా సంగతి చెప్పాలి. మాది పిఠాపురం దగ్గర పల్లెటూరు. పదకొండేళ్లు ఆర్మీలో చిన్న హెలికాప్టర్లు నడిపాను, ఎక్కువగా మంచుకొండల్లో. ఆ హెలికాప్టరుకు చక్రాలుండవు. కింద రెండు ఇనుప గొట్టాలుంటాయి, వాటిమీదే కూర్చుంటుంది. దించితే దించినచోటే ఉంటుంది, ఎటూ దొర్లదు. తర్వాత నాకు సముద్రం మీద మోజు పుట్టింది. ఒక దళం పైలట్లు ఇంకో దళానికి మారడానికి దారి ఉందని తెలిసి దరఖాస్తు పెట్టాను. రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగి నేవీకి మారాను. అనుభవం ఉన్నవాణ్ణని నెత్తిన పెట్టుకున్నారు. ఆ అనుభవమే కొంప ముంచింది.

అక్కడి హెలికాప్టరుకు మూడు చక్రాలు. ఓడ ఎప్పుడూ ఊగుతూ ఉంటుంది కాబట్టి దాని మీద దిగేముందే బ్రేకు వేసి ఉంచాలి. దిగగానే నావికులు, నెత్తిమీద రెక్కలు తిరుగుతుండగానే, వంగి పరుగెత్తుకొచ్చి చక్రాల కింద చెక్కదిమ్మలు పెడతారు. ఆ రోజు నా పక్కనున్న పైలట్ దిగేముందు సరిచూసుకునే పట్టీ చదువుతూ "బ్రేకు?" అన్నాడు. "వేశాను" అన్నాను. నోరు అంది, చెయ్యి కదల్లేదు. పదకొండేళ్లు బ్రేకే లేని బండి నడిపిన చెయ్యి అది. దిగాం. ఓడ ఒరిగింది. హెలికాప్టరు వెనక్కి దొర్లి, దిమ్మలు పెడుతున్న మస్తాన్‌ను ఇనుపగోడకేసి నొక్కేసింది. వాడికి ఇరవై నాలుగేళ్లు. ఆస్పత్రిలో మూడు వారాలుండి చనిపోయాడు.

ఆ గందరగోళంలో నా చెయ్యి దానంతటదే వెళ్లి బ్రేకు లాగింది. తర్వాత వచ్చి చూసినవాళ్లకు వేసిన బ్రేకే కనిపించింది. అడిగినవాళ్లకు "ముందే వేశాను" అన్నాను. పక్క పైలట్ నా మాట నమ్మాడు, అందరూ నమ్మారు. ఓడ అంతగా ఒరిగితే ఒక్క బ్రేకే ఆపలేకపోయిందని, చక్రాల కింద దిమ్మలు పెట్టడం ఆలస్యమై ఉండవచ్చని కాగితం మీదికెక్కింది. రాసినవాళ్ల తప్పేమీ లేదు, నేను చెప్పిందే రాశారు. మస్తాన్ తండ్రే ఈ మౌలాలి.

కర్నూలు

రైలు దిగేసరికి తెల్లగా తెల్లారింది. స్టేషను బయట తోపుడుబండి మీద ఒకావిడ ఉగ్గాని చేస్తోంది. తెలియనివాళ్లకు చెబుతున్నాను: బొరుగులను నీళ్లలో ముంచి పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపుతో తిరగమోత పెట్టి, పైన పుట్నాలపొడి చల్లుతారు. మావైపు వీటిని మరమరాలంటాం, సాయంత్రం పిల్లల కాలక్షేపానికి తప్ప లెక్కలోకి తీసుకోం. ఇక్కడ పొద్దుటి ఫలహారమే అది. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. ప్లేటు నలభై రూపాయలు.

"యా ఊరప్పా మీది?" అందావిడ నా యాస పట్టేసి.

"పిఠాపురం. కాకినాడ దగ్గర."

"ఓ, నీళ్లుండే సీమ. ఈడ్కి ఏం పనిమీద వస్తివి?"

తెలిసినవాళ్లను చూడటానికన్నాను. అంటూనే బజ్జీ కొరికాను. లోపలి గింజలు తియ్యరని నాకేం తెలుసు! కళ్లలోంచి, ముక్కులోంచి ధారలు. పక్కన తింటున్న నలుగురూ నవ్వారు. "నిమ్మళంగా తినప్పా, ఎవరన్నా గుంజుకుంటారా" అంటూ ఆవిడ మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. గుంటూరు కారం తిని పెరిగినవాణ్ణే నేనూ అని చెబుదామంటే గొంతు పెగల్లేదు.

కారం తగ్గింది గానీ నీళ్లు ఆగలేదు. ఏడాదిగా ఏడవని మనిషిని, కర్నూలు నడివీధిలో బజ్జీ చేతిలో పట్టుకుని ఏడ్చాను. నవ్వినవాళ్లు తిని వెళ్లిపోయారు. ఆవిడ మాత్రం ఒకసారి తేరిపార చూసి, ఏమీ అడక్కుండా ఇంకో గ్లాసు మజ్జిగ పోసింది. ఐదువందల నోటు తీస్తే "పొద్దున్నే అంత చిల్లర దుడ్లు యాడుంటాయప్పా, ఫోన్లో కొట్టు" అంది. మజ్జిగకు ఏమీ తీసుకోలేదు.

ఆ రోజే నంద్యాల వెళ్లి ఎర్రగుంట్ల రైలు అందుకుంటే సాయంత్రానికి కమలాపురంలో ఉండేవాణ్ణి. నంద్యాల దాకా బస్సులో వెళ్లాను. అక్కడ రైలు అందుకోలేదు. అందుకోలేక కాదు. టీ తాగుతూ గడియారం చూసుకుంటూ, అది వెళ్లిపోయే వేళ దాటేదాకా కావాలనే కూర్చున్నాను. మంచుకొండల్లో పొగమంచులోకి దూరినవాణ్ణి, ఒక ప్యాసింజరు రైలెక్కడానికి జంకాను.

నంద్యాల

లాడ్జి యజమాని పెద్దాయన. గుర్తింపు కార్డు అడిగాడు. ఇచ్చాను. చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మిలిట్రీ సారా! కూచ్చోండి సార్, కూచ్చోండి. గదికి ఆరునూర్లు గానీ మీకు ఐదు నూర్లే."

వద్దన్నా వినలేదు. హెలికాప్టరు నడుపుతానని తెలిశాక అస్సలు వదల్లేదు. వరదలొచ్చినప్పుడు తాడు కట్టి మనుషుల్ని పైకి లాగడం టీవీలో చూశాడట.

"మీ చేత్తో ఎంతమందిని కాపాడింటారు సార్, సుమారుగా?"

ఎంతమందినో ఉండే ఉంటారు. మంచులో చిక్కుకున్నవాళ్లు, జబ్బుపడ్డ జవాన్లు. లెక్క ఎప్పుడూ పెట్టుకోలేదు. చంపింది మాత్రం ఒక్కణ్ణి, వాడి పేరు తెలుసు. "గుర్తులేదండీ" అన్నాను. "చూడు, ఎంత అణకువో" అని పక్కనున్నవాడితో అన్నాడు. నాకు అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

మధ్యాహ్నం సందులో ఒక ఇంటి వరండాలో జొన్నరొట్టెలు చేస్తుంటే తిన్నాను. రొట్టె పదిహేను రూపాయలు. పీట ఉండదు, కర్ర ఉండదు, అరచేతుల మధ్యే తట్టి తట్టి అంత పల్చగా చేస్తారు. వంకాయకూర, పచ్చి ఉల్లిగడ్డ. మేం మూడు పూటలా అన్నం తినే జాతి. ఒక్క రొట్టెతో నా పొట్ట నిండిపోయింది. "ఒకటేనా? మా ముసలామె గూడ మూడు తింటాది" అని వడ్డించే ఆమె ఎగతాళి చేసింది. ఇంకో రోజైతే పంతానికి నాలుగు తినేవాణ్ణి. లేచి లాడ్జికి వచ్చి, చీకటి పడకముందే పడుకున్నాను.

ఎర్రగుంట్ల రైల్లో

మర్నాడు రైలెక్కాను. పెట్టె సగం ఖాళీ. కిటికీ బయట ఒకచోట నల్లరేగడి, ఒకచోట బండలు, మధ్యలో శనగచేలు. బండ ఇక్కడ ఎంత చవకంటే చేను గట్టుకు కంచె కూడా బండలు నిలబెట్టి కట్టారు. మావైపు ఇంటి ముందు నాలుగు కడప బండలు పరిస్తే పదిమందికి చెప్పుకుంటాం.

ఎదురుగా లక్షుమ్మ అనే ఆవిడ. అరవై దాటి ఉంటాయి. కోయిలకుంట్లలో ఎక్కింది, జమ్మలమడుగులో దిగుతుందట. ఎక్కగానే సంచి విప్పి, ఉడికించిన వేరుశనక్కాయలు నా ఒళ్లో పోసింది. వీళ్లు బుడ్డలంటారు.

"తినప్పా. ఎవురింటికి పోతాండావు?"

ఆ కళ్లలోకి చూసి అబద్ధం ఆడలేకపోయాను. "ఒకాయన కొడుకు పోయాడమ్మా. పలకరించడానికి."

"అయ్యో! ఎన్ని దినాలాయ?"

"ఏడాది దాటింది."

ఆవిడ చేతిలో కాయ చేతిలోనే ఆగిపోయింది. "ఏడాదికా పలకరించేది? మా తట్టు మూడో దినానికి పోకుంటే మల్ల మొగం చూడరప్పా. ఎందుకు పోలే? దూరమా?"

"దూరం కాదమ్మా. భయం."

"సచ్చిపోయినోని ఇంటికి పోనీకి భయమేంది? తిక్కలోనివా ఏమి!" అని గట్టిగా కసిరింది. తర్వాత జమ్మలమడుగు వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. దిగేటప్పుడు మిగిలిన బుడ్డలన్నీ నా సంచిలో కుమ్మరించి, "వాళ్లమ్మకియ్యి. ఉత్త చేతులతో పోవాకు" అంది.

ఎర్రగుంట్ల

ఇక్కడ చెట్ల ఆకులు బూడిదరంగు. సిమెంటు దుమ్ము. స్టేషను బయట రోడ్డు పొడుగునా లారీలు బారులు తీరి ఉన్నాయి. టీ పది రూపాయలు, తాగేలోపు పైన సన్నటి పొర కడుతుంది. కమలాపురం మౌలాలి ఇల్లు తెలుసా అని టీకొట్టులో అడిగితే నలుగురు ఒకేసారి నావైపు తిరిగారు.

"మౌలాలన్నా? తెలియనోళ్లు యాడుండారు ఈడ! రాండి, నేను కడపకు లోడు తీసకపోతాండా, దావలో దింపుతా" అన్నాడు సుబ్బరాయుడు అనే డ్రైవరు. నలభై ఏళ్లుంటాయి. మౌలాలి దగ్గరే క్లీనరుగా చేరి బండి నేర్చుకున్నాడట.

ఊరు దాటాక రైల్వేగేటు పడింది. రోడ్డు కొంచెం వాలుగా ఉంది. సుబ్బరాయుడు చేతిబ్రేకు లాగి, అంతటితో ఊరుకోకుండా కిందికి దూకి, పక్కనున్న పెద్దరాయి దొర్లించి వెనక టైరు కింద తోసి వచ్చాడు.

"బ్రేకు వేశావుగా" అన్నాను.

"బ్రేకు బ్రేకే, రాయి రాయే సార్. మౌలాలన్న నేర్పిన పని. ముప్పైయేండ్లు తోలినాడు, ఒక్కసారి గూడ ఆయప్ప బండి జానెడు దొర్లలే. మస్తాను గూడ సెలవులప్పుడు నాయన బండికి రాయి పెట్టి పెరిగినోడే." గేటు వైపు చూశాడు. "అట్లాటోడు ఆడ, ఓడమీద, టయానికి పెట్టలేకపోయినాడంట. కర్మ. ఆ సిగ్గుకే మౌలాలన్న స్టీరింగు ముట్టుకోకుండా ఐపోయినాడు. మేము అడగకున్న్యా ఆయప్పే చెప్తాడు సార్, టీకొట్టు కాడ అందరి ముందర. నా కొడుకు తప్పే, ఎవుర్నీ అనాల్సిన పనిలేదు అని."

గేటు తీశారు. సుబ్బరాయుడు దిగి రాయి తీసి పక్కన పడేసి వచ్చాడు.

"మీరేం పని సార్?"

"హెలికాప్టరు నడుపుతాను."

"అబ్బా! దానికి బ్రేకుంటాదా సార్?" అని నవ్వాడు.

నోరు తెరిస్తే అక్కడే మొత్తం కక్కేసేవాణ్ణి. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. వినపడలేదనుకున్నాడు కాబోలు, పాట పెట్టుకున్నాడు.

కమలాపురం

బండల మిద్దె, రెండు గదులు, ముందు చిన్న వసారా. మౌలాలి పొడుగాటి మనిషి, కొంచెం వంగాడు. ఆస్పత్రి దగ్గర నన్ను దూరం నుంచి చూశాడు గానీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. పేరు చెప్పగానే గబగబా వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మావాని సారు! ఇంతదూరం! ఖాసింబీ, మస్తాను వాళ్ల సారొచ్చినాడు, చూడు!"

భార్య ఖాసింబీ కొంగు నెత్తిమీదికి లాక్కుంటూ వచ్చింది. బుడ్డల సంచి ఇచ్చాను. ఇది ఎక్కడిదని అడగలేదు, కళ్లకద్దుకుని లోపల పెట్టింది. చెప్పేసి వెళ్లిపోదామని వచ్చినవాణ్ణి. వాళ్లు కాళ్లకు నీళ్లిచ్చారు, చాప పరిచారు. అన్నం తినందే మాట్లాడటానికి వీల్లేదన్నారు. రాగిసంగటి, నాటుకోడి పులుసు. నా కోసం అప్పటికప్పుడు కోడిని కోయించారు. సంగటిని ముద్ద చేసి పులుసులో అద్ది నమలకుండా మింగాలట. నాకు దిగలేదు. అలవాటు లేదనుకుని ఖాసింబీ అన్నం వండి పెట్టింది. అదీ దిగలేదు.

తిన్నాక మౌలాలి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఏదో చాలా రోజులుగా దాచుకున్న మాటలా మొదలుపెట్టాడు.

"సార్, నేనే మీకాడికి వద్దామనుకుంటి. మొగం చెల్లక రాలే. మావాని వల్ల మీకు గూడ చెడ్డ పేరొచ్చినాది. మీ బండి చెడిపాయ. వాడు చిన్నోడు, తెలీలే. నన్ను జూసి మన్నించండి సార్." రెండు చేతులూ జోడించాడు.

ఆ చేతుల్ని విడదీసి కిందికి దించాను. ఎలా చెప్పాలో ఏడాదిగా అనుకున్న మాటలన్నీ పోయాయి.

"మౌలాలి గారూ, ఆ రోజు నేను బ్రేకు వేయలేదు. వేశానని అబద్ధం చెప్పాను. మస్తాన్ తప్పు లేదు."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. నన్నే చూస్తున్నాడు. వాకిట్లో చెంబు తోముతున్న ఖాసింబీ చేతులు ఆగాయి.

"బ్రేకు యాడుంటాది సార్ దానికి? కాలికాడా, చేతికాడా?"

చెప్పాను. ముందు పదకొండేళ్లు నడిపినదానికి చక్రాలే లేవని చెప్పాను. తల ఊపాడు. డ్రైవరు కదా, ఇంకొకరికైతే గంటసేపు వివరించినా పట్టనిది ఆయనకు రెండు ముక్కల్లో పట్టింది.

"ఐతాది సార్" అన్నాడు నెమ్మదిగా. "పాత బండి దిగి కొత్త బండెక్కితే చెయ్యి పాత తావే ఎతుక్కుంటాది. నాకూ ఐనాది. డ్రైవరన్న్యాక ఐతాది." నా మోకాలి మీద చెయ్యి వేసి తట్టాడు.

నన్ను క్షమించాడు. కసురుకుంటాడనుకున్నాను, కొడతాడనుకున్నాను, అందుకు సిద్ధపడే వెళ్లాను. ఓ క్షణం నా ఒళ్లు తేలికైంది. ఆ క్షణానికి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటున్నాను. ఎందుకంటే మోకాలి మీద ఆయన చెయ్యి అక్కడే ఉండిపోయింది, మొహం మాత్రం మారుతోంది.

"ఐతే మావాడు దిమ్మె పెట్టినాడా?"

"ఒక చక్రానికి పెట్టాడు. రెండోది చేతిలో ఉంది. ఆలస్యమేమీ లేదు. దిగీదిగగానే వచ్చాడు."

"పెట్టినాడు" అన్నాడు తనలో తను. "పెట్టినాననే చెప్పె సార్ నాతో. ఆస్పత్రిలో. 'నాయనా, నేను టయానికే పెట్టినా, బండే దొర్లొచ్చె' అనె. నేనేమంటి? సారు బ్రేకు వేసే ఉన్న్యాడంట గదరా, అంత పెద్ద సారుకు అబద్దం చెప్పే పనేముండాది అంటి. ముప్పైయేండ్ల నా పేరు చెడగొడితివి, రాయి పెట్టనీకి గూడ చేతగాలేదు అంటి. వాడు అట్ల గోడ దిక్కు తిరిగి పండుకున్యాడు."

నా మోకాలి మీంచి చెయ్యి తీసేశాడు.

"మల్ల తిరగలే సార్ నా దిక్కు."

ఖాసింబీ వాకిట్లోంచే అంది, గొంతు పెంచకుండా: "నేను చెప్తి. వాడు అబద్దం చెప్పడు అని ఆ పొద్దే చెప్తి నీకు. నా మాట ఇంటివా?"

మౌలాలి లేవబోయి లేవలేక, గోడ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "మూడు వారాలు బతికుండె గద సార్" అన్నాడు నా వైపు చూడకుండానే. "ఈ మాట అప్పుడు చెప్పింటే నేను వాన్ని పిలిచింటి గద."

వాళ్లవైపు ఇంటికొచ్చిన చుట్టాన్ని బస్సెక్కించి కానీ తిరిగి రారట. సుబ్బరాయుడు చెప్పాడు. నా వెంట ఎవరూ రాలేదు. నా ఫోను నంబరు కాగితం మీద రాసి చాప మీద పెట్టి, చెప్పులేసుకుని వచ్చేశాను. వీధి చివరికి వచ్చేదాకా వెనక నుంచి ఏడుపు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించాను. ఏమీ వినిపించలేదు. గంట కిందట ఆ ఇంట్లో చచ్చిపోయిన కొడుకు మీద కోపం, సిగ్గు ఉన్నాయి. వాటితో ఎలాగో బతుకుతున్నాడు ఆ మనిషి. నా బరువు దించుకోవడానికి వెళ్లి, దాన్ని తీసి ఆయన నెత్తిన పెట్టి వచ్చాను.

కడప

కడప బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. టిక్కెట్టు తీశానో లేదో కూడా గుర్తులేదు. కండక్టరు రెండోసారి అడిగితే మళ్లీ తీసుకున్నానని ఆ రాత్రి లాడ్జిలో జేబులో రెండు టిక్కెట్లు చూశాక తెలిసింది.

మూడో రోజు పొద్దున పై అధికారులకు ఉన్నదున్నట్టు రాసి పంపాను. బ్రేకు వేయలేదు, వేశానని అబద్ధం చెప్పాను, ఆ నావికుడి తప్పు లేదు. నాలుగు వాక్యాలు. దానికి జవాబు ఇంకా రాలేదు. వాళ్లు నన్నేం చేసినా తక్కువే. విమానాలకు నేను మళ్లీ పనికిరాను, ఆ సంగతి వాళ్లు చెప్పనక్కర్లేదు.

తర్వాత హోటల్లో కారం దోసె తెప్పించుకున్నాను. ఎర్రకారం, పప్పులపొడి పూసి, పైన నెయ్యి. డెబ్భై రూపాయలు. కడప వెళ్లినవాళ్లు అది తినకుండా రాకూడదంటారు. నాలుక మీద కారం కూడా తెలియలేదు. సర్వరు ప్లేటు తీస్తూ "ఏమి సార్, బాగలేదా?" అని నొచ్చుకున్నాడు. చాలా బాగుందని చెప్పి, సగం వదిలేసి స్టేషనుకు వెళ్లాను.

రైలు రావడానికి ఇంకా అరగంట ఉందనగా ఫోను మోగింది.

"సార్, నేను మౌలాలిని." గొంతు రాత్రంతా నిద్రలేనట్టు బొంగురుగా ఉంది. "రైలెక్కినారా?"

"ఇంకా లేదు మౌలాలి గారూ."

"ఒకటి అడగాల సార్. మీరు ఆస్పత్రికి పండ్లు తెచ్చిన దినం నేను మందులకు కిందికి పోయింటి. పైకొచ్చి చూస్తే బల్లమీద ఆపిల్లుండె, సారు తెచ్చినాడని నర్సు చెప్పె. నేను వాన్ని ఆ మాట అన్న్యాక వచ్చినారు మీరు. మీతో ఏమన్నా మాట్లాడినాడా సార్ వాడు? నా మీద కోపమేమన్నా..."

మాట్లాడాడు. సంచి బల్లమీద పెట్టి, రెండు నిమిషాలు నిలబడి, తప్పించుకుని పోబోతుంటే చెయ్యి కొంచెం పైకెత్తి నన్ను ఆపాడు. "సార్, బ్రేకు వేసే ఉన్న్యాదా సార్?" అని అడిగాడు. నన్ను నిలదీయడానికి కాదు. తండ్రి అన్నాక వాడికే అనుమానం వచ్చి, తేల్చుకోవడానికి అడిగాడు. "వేసే ఉంది మస్తాన్" అన్నాను. కాసేపు పైకప్పు చూశాడు. "ఐతే నేనే ఆలస్యం చేసింటా సార్. మా నాయన చెప్పిందే నిజం" అన్నాడు. నాలుగు రోజులకు పోయాడు.

ఇది కమలాపురంలో నేను చెప్పలేదు. అధికారులకు రాసిన కాగితంలోనూ లేదు.

"సార్? ఇనపడతాందా?"

"నేను వచ్చేసరికి నిద్రపోతున్నాడు మౌలాలి గారూ" అన్నాను.

"అట్లనా సార్. నిద్రబోతే మంచిదేలే. నొప్పి తెలిసిండదు."